అత్త ఫోటో ఎక్కడ పెట్టాలి

నేను కోర్టులో టైపిస్టుని. సాక్షి చెప్పిందీ, వకీలు అడిగిందీ, అవతలివాళ్ళు కాదన్నదీ పొద్దస్తమానం టైపు కొట్టడమే నా ఉద్యోగం. ఇరవై ఏళ్ళ పైనుంచి మా ఊళ్ళో బస్సెక్కి గురజాల వెళ్ళడం, నలుగురి మాటలూ కాగితం మీద పెట్టడం, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి రావడం. అందుకని నాకు మాటలంటే విసుగు. ఇంటికొచ్చాక ఎవరైనా ఒక ముక్కలో అయ్యేదాన్ని సాగదీస్తే, "సరే, తర్వాతేమైంది?" అని మొహం మీదే అడిగేస్తాను. మా ఆయన దీనికి కోర్టు రోగమని పేరు పెట్టాడు. ఆయన బస్సు డ్రైవరు. మాచర్ల నుంచి విజయపురి సౌత్ దాకా దారి పొడుగునా జనంతో మాట్లాడుతూ నడుపుతాడు. ఆయన మాట్లాడేదీ నేను మాట్లాడనిదీ కలిపితే మా సంసారానికి సరిగ్గా సరిపోతుంది.

కెమెరా కొన్నది ఆ విసుగుతోనే. నరసరావుపేటలో ఒకాయన స్టూడియో మూసేస్తూ పాత కెమెరా అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళి తెచ్చుకున్నాను. "ఈ వయసులో ఇప్పుడేంది నీకు?" అన్నాడు మా ఆయన. ఫోటోలో మనుషులు మాట్లాడరు, అందుకని, అన్నాను. ఆయన ఆ పూటంతా మాట్లాడలేదు.

ఆదివారం వచ్చిందంటే కెమెరా భుజాన వేసుకుని తిరిగేదాన్ని. సాగర్ కాలువ గట్టు, నాపరాళ్ళ గోడలు, పత్తి బోరాలు ఎత్తుకెత్తుగా కట్టిన ట్రాక్టరు. అన్నిటికన్నా ఎక్కువ తీసింది మిరప కల్లాలు. కోతలు మొదలయ్యాయంటే మా ఊరి చుట్టూ ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన కాయలే. నేను ఆ ఘాటులోనే పెరిగాను. మా అమ్మ కాయలేరే ముఠాలో కూలికి వెళ్ళేది. ఇప్పటికీ కల్లం దగ్గరికి వెళ్తే ముందు నాలుగు తుమ్ములు తుమ్మి ఆ తర్వాతే కెమెరా బయటికి తీస్తాను.

రెండేళ్ళలో ఫోటోలు బోలెడయ్యాయి. "తీసి దాచిపెట్టుకోడానికి అదేమన్నా బంగారమా? ఎక్కడన్నా పెట్టు, నలుగురూ చూస్తారు" అన్నాడు మా ఆయన. నిజమే అనిపించింది. కానీ ఎక్కడ పెట్టాలి?

ఫోన్లో యాప్‌ల పేర్లు ఇక్కడ రాయను. మా ఊళ్ళో వాటిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా తక్కువే. పచ్చది, గులాబీది, నీలంది అంటారు. మా పల్నాడులో రంగు పేరెత్తితే ముందు పార్టీ గుర్తొస్తుంది, అందుకని ముందే చెబుతున్నాను, ఇది యాప్‌ల సంగతే.

మొదట పచ్చదాంట్లో స్టేటస్ పెట్టాను. అది ఒక్క రోజుండి పోతుంది. ఎవరెవరు చూశారో పేర్లతో సహా చూపిస్తుంది, ఆ లిస్టు చూసుకోవడం ఒక దిక్కుమాలిన అలవాటు. మా ఆడపడుచు రోజూ చూసేది, ఏమీ అనేది కాదు. ఒకరోజు పెళ్ళిలో ఎదురుపడి, "వదినా, ఈ మధ్య కోర్టులో పని తక్కువైనట్టుందే" అంది. ఆ రోజుతో స్టేటస్‌లు మానేశాను.

గులాబీది ఫోటోని పక్కలు కత్తిరించమంటుంది. పొడుగూతా కాలువ ఉన్న ఫోటోని కత్తిరిస్తే చివరికి ఇంత నీళ్ళ ముక్క మిగిలింది. పైగా పాట పెట్టమని పోరు. మాటలు పడక నేను ఫోటోల్లోకి వస్తే ఇదేమో పాటలంటుంది. అదే కాలువ గట్టు మీద ఎవరో అమ్మాయి చున్నీ తిప్పుతూ నడిచిన వీడియోని జనం ఎగబడి చూశారు. నా కాలువని మెచ్చుకున్నవాళ్ళు ఆరుగురు. అందులో ఒకరు నేనే, మా ఆయన ఫోన్లోంచి.

తర్వాత దొరికింది ఫోటోలు తీసేవాళ్ళ కోసమే పెట్టిన ఒక సైటు. దానికి మా ఊళ్ళో రంగు పేరు కూడా లేదు, ఎందుకంటే అదొకటుందని ఎవరికీ తెలియదు. అక్కడ ఏయే దేశాలవాళ్ళో ఉన్నారు. నా కల్లం ఫోటో కింద ఒకాయన, వెలుతురు అద్భుతంగా పట్టుకున్నారు అని రాశాడు. ఇంకొకావిడ ఆ ఎర్రటివి ఏ పూలు అని అడిగింది. మిరపకాయలని చెబితే ఒక పట్టాన నమ్మలేదు. నన్నెవరూ అంతకు ముందు దేనికీ మెచ్చుకోలేదు. టైపులో తప్పు పోతే పిలుస్తారు, తప్పు పోకపోతే పిలవరు, అంతే నా ఉద్యోగం. వారం రోజులు నేను నవ్వుకుంటూ టైపు కొట్టాను. అక్కడివాళ్ళు నాకు రెండు విషయాలు నేర్పారు. మనిషి మొహం తీసినప్పుడు రంగులు తీసేసి నలుపు తెలుపు చెయ్యమన్నారు. ఫోటో కింద ఏమీ రాయొద్దన్నారు, ఫోటోయే చెప్పుకుంటుందట. ఈ రెండోది వినగానే వాళ్ళందరూ నా తోబుట్టువుల్లాగా అనిపించారు.

మిగిలింది నీలంది. అందులో మా వాళ్ళందరూ ఉన్నారు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకుల పర్యటనలు, పెద్దకర్మలు. చూస్తే మా ఊరి సెంటరే ఫోన్లోకి వచ్చినట్టుంటుంది. మా సెంటర్లో కరెంటు స్తంభాలు కనపడకుండా ఫ్లెక్సీలు కడతారు. పైన వరసగా నాయకుల తలకాయలు, కింద చేతులు జోడించిన చిన్న నాయకుడు, వాడి కింద వాడి స్నేహితులు. ఫ్లెక్సీలంటే నాకు ఒళ్ళు మంట. అందుకని నీలందాని జోలికి వెళ్ళలేదు, పరదేశీ సైటులోనే ఉండిపోదామనుకున్నాను.

అప్పుడు అత్త వచ్చి ఫోటో అడిగింది.

అత్తంటే మా ఆయన తల్లి కాదు. నన్ను ఇచ్చింది సొంత ఊళ్ళోనే కాబట్టి పుట్టింటి వీధిలో వరసలన్నీ అలాగే ఉన్నాయి. ఈవిడ మా అమ్మకి వదిన వరస, నాకు అత్త. ఇద్దరూ ఒకే ముఠాలో కాయలేరారు. మా అమ్మ పోయింది. అత్త ఇప్పుడా ముఠాకి మేస్త్రి, కింద పదిహేనుమంది ఆడవాళ్ళు. ఎర్రకాయల్లోంచి తాలు కాయలు, అంటే రంగు చచ్చి తెల్లబడ్డవి, ఏరి పక్కన పెట్టడం వాళ్ళ పని. అత్త చూపు ఎలాంటిదంటే, రాశిని ఒకసారి చూసి ఎన్నాళ్ళు ఎండిందో, మంచు తగిలిందో లేదో చెప్పేస్తుంది. ఎరుపులో ఆవిడకి కనీసం పది ఎరుపులు తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కోత మొదలవగానే ఆవిడ ముఠా ఖాళీయేనా అని కనుక్కుంటారు.

"ఏమే, నీ కాడ కెమెరా ఉందంటగా. నాకొక ఫోటో తియ్యి" అంది.

"తీస్తాలే అత్తా. ఎందుకు?"

"ఎందుకేంది? నేను పోతే పెట్టొద్దా?"

నాకు వెంటనే అర్థమైంది. మామ పోయినప్పుడు ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులోదాన్నే పెద్దది చేయించి పెద్దకర్మకి ఫ్లెక్సీ వేశారు. ఆ ఫోటోలో కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి, నోరు కొంచెం తెరిచి ఉంది. మామ అందగాడు. తలపాగా చుడితే మా వీధిలో ఆయన తర్వాతే ఎవరైనా. అంత మనిషి ఊరందరికీ కునుకు తీస్తున్నవాడిలా కనపడుతూ సెంటర్లో వేలాడాడు. తర్వాత ఆ ఫోటోనే ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. అత్త రోజూ దానికి దండం పెడుతుంది గానీ తలెత్తి చూడదు. "ఆయన అట్టా ఉండేవోడు కాదే" అని నాతో ఎన్నిసార్లో అంది. ఇక చేసేదేమీ లేదు, ఆయన మళ్ళీ వచ్చి కూర్చోడు కదా. తనకి అలా జరగకూడదన్నదే ఆవిడ భయం. చావంటే కాదు, ఆ ఫోటో అంటే భయం.

ఆదివారం పొద్దున్నే ఆకుపచ్చ చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని వచ్చి మా గోడకి ఆనుకుని నిలబడింది. చేతులు రెండూ పక్కలకి అంటుకుపోయాయి. "ఊపిరి తీసుకో అత్తా" అన్నాను. "తీసుకుంటే కదిలిపోదా?" అంది పెదాలు కదపకుండా. పదిహేను ఫోటోలు తీశాను. పదిహేనూ ఆధార్ కార్డులే. ఆవిడకి మాత్రం నచ్చాయి, కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయని.

తర్వాత పౌడరు మొహంతోనే కల్లానికి వెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను. కల్లంలో ఎండకి నీడగా పాత ఎన్నికల ఫ్లెక్సీలు కట్టుకుంటారు. బొమ్మ పైకి ఉండేలా కడతారు కాబట్టి నాయకులు ఆకాశం చూస్తుంటారు. ఆ నీడలో కూర్చుని అత్త ఎవరినో పనిలో తప్పుకి తిట్టి, తిట్టిన తిట్టుకి తనకే నవ్వొచ్చి, మొహం పక్కకి తిప్పింది. అప్పుడు నొక్కాను.

ఇంటికొచ్చి ఆ ఫోటో చూసుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకు మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. దీన్ని వెలుతురు చూసేవాళ్ళు కాదు, అత్త తెలిసినవాళ్ళు చూడాలనిపించింది. అలా నీలందాంట్లోకి వెళ్ళాను. సోమవారం పొద్దున బస్సుకి ముందు, పరదేశీలు నేర్పినట్టు రంగులు తీసేశాను. కింద ఒక్క అక్షరం రాయలేదు. పెట్టేశాను. ఎవరినీ అడగలేదు, అత్తని కూడా అడగలేదు. ఇది నా తప్పు, దీనికి వాయిదాలు లేవు.

కోర్టులో పని జరుగుతున్నప్పుడు ఫోన్ కట్టేసి డ్రాయరులో పెడతాను. మధ్యాహ్నం భోజనానికి లేచి తెరిస్తే ఫోన్ చేతిలో ఆగకుండా వణికింది. అన్నీ నా ఫోటో కింద వచ్చినవే. అబ్బో, హిట్టయిందే అనుకుని మురిసిపోతూ చూశాను. "ఓం శాంతి." "ఓం శాంతి." "ఎప్పుడు జరిగింది?" "నిన్న కూడా మాట్లాడిందే." "కుటుంబసభ్యులకు ప్రగాఢ సానుభూతి." జోడించిన చేతుల బొమ్మలకి లెక్కే లేదు. మా మండలం నాయకుడొకాయన అత్త ఫోటోని తీసుకుని, పక్కన అంతకు రెట్టింపు తన ఫోటో పెట్టుకుని సంతాపం కూడా వేసేశాడు.

మా వైపు ఒంటరి మనిషి ఫోటో రంగుల్లేకుండా, కింద ఏమీ రాయకుండా పెట్టారంటే దానికొకటే అర్థం. ఆ సంగతి నాకు తెలియనిదేమీ కాదు. అలాంటివి చూసి నేనూ ఎన్నోసార్లు ఓం శాంతి పెట్టినదాన్నే. వారం రోజుల పొగడ్తలకి బుర్ర దేశం దాటి పోయింది, అంతే.

మొదటి ఫోన్ మా ఆయనది, విజయపురి సౌత్ బస్టాండు నుంచి.

"అత్త పోతే నాకు చెప్పవేందే? బస్సులో ఎవరో చెబితే తెలియాల్సొచ్చింది. సెలవు పెట్టి వస్తన్నా."

"అత్త బాగానే ఉంది."

"మరి ఫోటో పెట్టావుగా?"

"ఫోటో బాగుందని పెట్టా."

అవతల బస్సు హారను మోగింది. "నీ రోగం బాగా ముదిరిందే" అని ఫోన్ పెట్టేశాడు.

ఈలోగా మా ఊళ్ళో జరిగింది నేను చూడలేదు. ముఠాలో ఆడవాళ్ళు చెప్పగా విన్నాను, ఒక్కొక్కరూ వేరువేరుగా చెప్పారు, అన్ని వాంగ్మూలాలూ కలిశాయి కాబట్టి నిజమే అయి ఉండాలి. బొల్లాపల్లి నుంచి అత్త ఆడపడుచులిద్దరూ, వాళ్ళ కోడళ్ళూ బంతిపూల దండతో ఆటోలో వచ్చారు. ఇంటికి తాళం ఉంది. అప్పుడే ఎత్తేశారని గుండెలు బాదుకుంటూ శ్మశానం దారి పట్టారు. కల్లం ఆ దారిలోనే ఉంది. ఏడుపులతో ఆటో వస్తుంటే అత్త చేతిలో కాయలు పారేసి పరుగెత్తింది. ఆడపడుచులు అంతలా ఏడుస్తున్నారంటే బొల్లాపల్లిలో ఎవరో పోయారనుకుంది. ఏడుపుకి ఏడుపు కలపడం మర్యాద కాబట్టి ముందు వాళ్ళని కౌగిలించుకుని తానూ శోకాలు పెట్టింది. మిరపకాయలు పట్టిన చేతుల్తో కళ్ళు కూడా తుడుచుకుంది. దాంతో ఆ ఏడుపు నిజం ఏడుపైపోయింది. ఆటోలో వాళ్ళు ఏడుపు ఆపి ఆవిడనే చూశారు. కాసేపు ఏడ్చాక, "ఇంతకీ ఎవరే తల్లీ పోయింది?" అని అడిగిందట.

"నువ్వే వదినా" అన్నారట.

బంతిపూల దండని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. వెనక్కి తీసుకెళ్ళకూడదు, ఇంట్లో పెట్టుకోకూడదు. చివరికి కల్లం దగ్గర మేక తినేసింది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా అత్త ఇంటికి వెళ్ళాను. దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను, నాకు అలవాటు లేని పని. అత్త మంచం మీద తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకుని ఉంది. "రావే, నన్ను చంపినదానా" అంది. గొంతులో కోపం లేదు. నేను కూడబలుక్కున్నవన్నీ మర్చిపోయి మంచం పట్టె మీద కూర్చున్నాను.

"ఏదీ, చూపియ్యి ఆ ఫోటో."

గుడ్డ తీసి, వాచిన కళ్ళతో ఫోన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"నా పక్కన ఆ బొగ్గులేంది?"

"బొగ్గులు కాదత్తా, మిరపకాయలు."

"మిరపకాయలా ఇయ్యి? నేనేమన్నా బట్టీ కాడ కూర్చున్నానా? ఎరుపు ఏమైంది?"

"తీసేశాను."

అత్త నా మొహంలోకి చూసింది. "నలభై ఏళ్ళ నుంచి ఆ ఎరుపు చూసే గదే నేను బతికింది. దాన్నే తీసేశావా?"

పరదేశీ సైటులో ఎంతమంది ఎన్ని చెప్పారో గానీ ఫోటో గురించి నాకు ఇంతకన్నా సరైన మాట ఎవరూ చెప్పలేదు. సిగ్గేసింది. ఫోన్ లాక్కుని ఫోటో తీసెయ్యబోయాను. "ఆగు, కింద ఏంటియో రాశారంటగా, అయ్యి చదివి తీసెయ్యి" అంది.

చదివాను. ఒకటొకటీ, పేరుతో సహా. అత్త దిండుకి ఆనుకుని కోర్టులో జడ్జిగారిలా విన్నది. "ఆడా? ఎదురుపడితే పలకరించడు, ఇప్పుడు నేను తల్లిలాంటిదాన్నంటనా?" "ఆమెనా? ఆమె రాసిందంటే నిజంగానే రాసుంటది, మంచిది." ఎవరెవరు రాయలేదో కూడా గుర్తుపెట్టుకుంది. ఒకమ్మాయి రాసింది మాత్రం మూడుసార్లు చదివించుకుంది. ఆ అమ్మాయి ఒకప్పుడు అత్త ముఠాలో ఉండి ఇప్పుడు చిలకలూరిపేటలో నూలు మిల్లులో చేస్తోంది. "నాకు తాలు కాయ గుర్తుపట్టడం నేర్పింది మా మేస్త్రే. తిట్టేది గానీ అన్నం పెట్టకుండా ఎప్పుడూ పంపలేదు" అని రాసింది. మూడోసారి చదివాక అత్త కళ్ళ మీద గుడ్డ మళ్ళీ వేసుకుంది. "ఇయ్యన్నీ నేను పోయినాక అంటే నాకేం తెలిసేది? నయమే అయిందిలే" అంది గుడ్డ కింది నుంచి.

నా మనసు కుదుటపడింది. కథ అక్కడికి అయిపోయిందనుకున్నాను. అవలేదు. నేను ఫోటో తీసేసినా, అప్పటికే ఎంతోమంది దాన్ని ఎక్కడెక్కడికో పంపేశారు. పై వారం అత్త ముఠా పక్క ఊరికి వెళ్ళాలి. అడగడానికి ఫోన్ చేస్తే ఆ రైతు, "నువ్వా? పోయావన్నారుగా! నేను వేరే ముఠాకి చెప్పుకున్నా" అన్నాడు. మూడు రోజుల తర్వాత ఇంకో రైతు కూడా అదే మాట. కోతలు జోరుగా ఉన్న రోజుల్లో పదిహేనుమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు.

అత్త ఈసారి మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"నన్ను చంపావు, నవ్వులాటే అనుకున్నా. నా ముఠాని చంపబాకే అమ్మాయ్."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. అప్పటికప్పుడు నీలందాంట్లో, మా అత్త బతికే ఉన్నారు, క్షేమంగా ఉన్నారు అని రాసి ఆవిడ గోడకి ఆనుకున్న ఫోటో పెట్టాను. పది నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది. ఓం శాంతి. చదవకుండానే పెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పచ్చది, గులాబీది, అన్నిట్లో పెడతానన్నాను.

"అయ్యన్నీ వద్దులే. సెంటర్లో ఫ్లెక్సీ వెయ్యి" అంది అత్త. "పోయినోళ్ళని ఆడే చూస్తారు గదా, ఉన్నదాన్ని గూడా ఆడే చూస్తారు."

నేను ఫ్లెక్సీ వెయ్యడమా! కానీ అడిగింది అత్త. శనివారం మాచర్లలో ఫ్లెక్సీల షాపుకి వెళ్ళాను. షాపాయన కంప్యూటరు ముందు కూర్చుని, "ఏం సందర్భమమ్మా? పుట్టినరోజా, పెళ్ళా, పెద్దకర్మా, పార్టీయా?" అన్నాడు.

"ఏదీ కాదు."

"ఏదీ కాకపోతే ఫ్లెక్సీ ఎందుకమ్మా?"

"మా అత్త బతికుంది, అందుకు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత, "పైన ఎవరెవరి తలకాయలు పెట్టాలి?" అని అడిగాడు. ఎవరివీ వద్దన్నాను. పైన ఖాళీగా ఉంటే బోసిగా ఉంటదమ్మా, పోనీ దేవుణ్ణయినా పెడదాం అని బతిమాలాడు. అక్కడ ఎరుపు ఉంటుంది చూడండి అని పెన్‌డ్రైవ్ ఇచ్చాను. కల్లంలో నవ్విన ఫోటోయే, రంగుల్లో. తెర మీద తెరుచుకోగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "బాగుందమ్మా" అన్నాడు, ఇక దేవుణ్ణి పెడదామనలేదు. ఎరుపు సరిగ్గా వచ్చేదాకా మూడుసార్లు ముక్క అచ్చు తీయించాను. మూడోదాన్ని వీధిలోకి తెచ్చి ఎండలో చూసి ఒప్పుకున్నాను. కింద ఏం రాయాలో అత్త ముందే చెప్పింది, నేను చీటీ మీద రాసుకొచ్చాను: నేను బతికే ఉన్నాను. కాయలేరడానికి మా ముఠా ఉంది, పిలవండి. ఆ కింద అత్త ఫోన్ నంబరు. ఫోటో కింద మాటలు పడనిదాన్ని, అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యమని నేనే చెప్పాను.

సెంటర్లో కట్టడానికి చోటు లేదు. మా ఆయన రెండు వైపుల వాళ్ళతోనూ మాట్లాడాడు, మాటలు ఆయన పని. వాళ్ళు కొంచెం ఇటూ, వీళ్ళు కొంచెం అటూ జరిపారు. రెండు పార్టీల ఫ్లెక్సీల మధ్య అత్త. ఇద్దరినీ పట్టించుకోనట్టు పక్కకి చూసి నవ్వుతోంది.

ఆదివారం టీ బంకు బల్ల మీద కూర్చుని నేను ఊరికే చూస్తూ ఉన్నాను. బస్సు ఆగినప్పుడల్లా కిటికీల్లోంచి మొహాలు బయటికి వచ్చేవి. చదివేవాళ్ళు, చదవడం రానివాళ్ళకి చదివి వినిపించేవాళ్ళు, నవ్వేవాళ్ళు. ఒక రైతు బండాపి, ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళి, అత్త మొహం కాదు, ఆవిడ పక్కన కాయని పరిశీలనగా చూశాడు. "ఎవరి కల్లమో గానీ కాయ చానా బాగుంది" అని ఫోన్ తీసి నంబరు కొట్టాడు. నా ఫోటోని అంత శ్రద్ధగా చూసినవాడు ఏ దేశంలోనూ నాకింకా తగల్లేదు. రెండో టీ కూడా తాగాను. ఆ రోజు నాకున్నంత సంతోషం ఇంకెవరికైనా ఉందా అనిపించింది. నాలుగు రోజుల్లో ముఠాకి తీరిక లేకుండా పోయింది. ముందు వద్దన్న రైతు కూడా ఫోన్ చేశాడు. అత్త వాణ్ణి రెండు రోజులు ఆగమంది.

ఫ్లెక్సీ నెలన్నర ఉంది. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బేసింది. కల్లంలో కాయ రాశి పోసి ఉంది, తడిస్తే ఏడాది కష్టం బూడిదవుతుంది. ఉన్న పట్టలు చాల్లేదు. ఆ రోజు సెలవు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. అత్త ఇద్దరిని సెంటరుకి తరిమి తన ఫ్లెక్సీ ఊడదీయించి తెప్పించింది. తిరగేసి కప్పబోతుంటే అరిచింది.

"తిరగెయ్యబాకండి! నా మొహం పైకుండాల!"

కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టారు. వాన దబదబా వచ్చింది. మేమందరం నీడలోకి పరిగెత్తాం. అత్త ఒక్కతే రాశి పక్కన నిలబడి, గాలికి లేచిపోతున్న అంచుని కాలితో తొక్కి పట్టుకుంది. పైన ఫ్లెక్సీలో అత్త నవ్వు, దాని మీద చినుకులు, కింద వానలో అత్త. నేను తీశాను. ఈసారి కెమెరా దించకముందే అడిగాను.

"అత్తా, దీన్ని పెట్టుకోనా?"

"యాడైనా పెట్టుకో. రంగు తియ్యబాక. కింద రాయి."

పరదేశీ సైటులోనూ నీలందాంట్లోనూ రెండింట్లోనూ పెట్టాను. కింద, మా అత్త, కాయ తడవలేదు, అని రాశాను. అక్కడివాళ్ళు వెలుతురు బాగుందన్నారు. ఇక్కడివాళ్ళు కాయ ఏ రకమని అడిగారు. నాకు ఇద్దరూ కావాలి, ఎక్కడ పెట్టాలన్న బెంగ ఇప్పుడు లేదు.

ఆ సీజన్ అయ్యాక ఒకరోజు అత్త ఇంట్లో నేనే గుర్తు చేశాను. "అత్తా, అసలు నువ్వడిగింది నువ్వు పోయాక పెట్టుకునే ఫోటో గదా. ఫ్లెక్సీదే ఫ్రేము కట్టించనా?"

"అది వద్దు. అది బతికున్నప్పటిది" అంది. గోడ మీద మామ వైపు ఒకసారి తలెత్తి చూసింది. "పోయినప్పటిది వేరే తీద్దువుగానిలే. ఇప్పుడేం తొందర? వచ్చే ఏడు కాయ కానీ."

రెండేళ్ళయింది. ప్రతి ఏడూ కాయ వస్తోంది, ఆ ఫోటో ఇంకా తియ్యలేదు.